నీరు నడచిన దారి

బావిలోని నీరు తేటగా నున్నచో మంచిదనియు, కలకగా నున్నచో చెడ్డదనియు మనము సామాన్యముగా తలంతుము. కన్ను, ముక్కు, నాలుక - ఈ మూడింటినే మనము నీటికి పరీక్షకులుగా నియమించుకొన్నాము. ఇవి కొంతవఱకు నమ్మదగినవే. దుర్వాసన గల నీటిని త్రాగరాదని ఎవరికిని చెప్పనక్కఱలేదు. అయినను కలరాను కలిగించు సూక్ష్మజీవులు వేలకొలదిగా నున్నను చెంబులోని నీరు అద్దమువలె తేటగా కనబడవచ్చును. ఎముకలను వంకరచేయు ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు. మన బావులలో కనబడు మోతాదులలో దానికి రుచియు లేదు.

కావున నీటిని గూర్చి అడుగవలసిన ప్రశ్న “ఇది చూచుటకు ఎట్లున్నది?” అనునది మాత్రమే కాదు. “ఇది ఏ దారిని వచ్చినది? ఎంతకాలము నడచి వచ్చినది?” అని కూడ అడుగవలెను. ఏలయన, నీరు తాను తాకిన ప్రతి వస్తువునుండి ఎంతో కొంత గ్రహించి తనతో కొనివచ్చును. నేలమీదినుండి తొందరగా బావిలో దిగిన నీరు వీధిలోని మాలిన్యమును తెచ్చును. రాతి పొరలలో చిరకాలము నిలిచి వచ్చిన నీరు ఆ రాతిలోని లవణములను తెచ్చును. మన దేశములో నీటివలన కలుగు వ్యాధులలో పెక్కింటికి మూలము ఈ రెండు మాటలలో నున్నది.

వాన చినుకు ఎచ్చటికి పోవును?

భూమిమీద నున్న నీటిలో నూటికి 97 పాళ్ళు సముద్రములలోని ఉప్పునీరే. మిగిలిన కొద్ది పాటి మంచినీటిలో సుమారు మూడింట రెండు వంతులకు పైగా ధ్రువ ప్రాంతములందును, పర్వతములందును మంచుగా గడ్డకట్టి యున్నది. సుమారు 30 శాతము భూగర్భమున దాగి యున్నది. మన కంటికి కనబడు నదులు, సరస్సులు అన్నియు కలిసి మంచినీటిలో ఒక్క శాతమునకైన చాలవు. గోదావరిని, కృష్ణను చూచి మనము నీరంతయు నదులలోనే ఉన్నదనుకొందుము గాని, కాలిక్రింది నేలలో నున్న నీరు ప్రపంచమందలి నదులన్నిటి నీటికంటె అనేక రెట్లు అధికము.

ఈ నీటి కంతటికిని మూలము వానయే. మన దేశమున కురియు వానలో సుమారు మూడు వంతులు నైరృతి ఋతుపవనముల నాలుగు నెలలలోనే కురియును. పడిన చినుకునకు మూడు దారులు గలవు. కొంత నేలమీద పాఱి, వాగులు వంకలు చేరి, ఏఱులై నదులై సముద్రమును కలియును. కొంత ఎండకు ఆవిరియై గాని, చెట్ల వేళ్ళచే పీల్చబడి ఆకులనుండి వెలువడి గాని తిరిగి ఆకాశమునకు పోవును. మిగిలినది నేలలో ఇంకి, మెల్లగా క్రిందికి దిగి, భూగర్భజలముతో చేరును.

ఈ మూడవ భాగము ఎంత? అది నేలను బట్టి యుండును. భూగర్భజలములను లెక్కకట్టుటకు మన దేశమున అంగీకరింపబడిన పద్ధతి ప్రకారము, గంగా మైదానపు ఒండ్రు నేలలలో వానలో సుమారు 22 శాతము ఇంకునని ఎంచుదురు. తెలంగాణము, రాయలసీమలందు విస్తారముగా నున్న నల్లరాతి నేలలలో 8 మొదలు 11 శాతము మాత్రమే ఇంకునని ఎంచుదురు. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడు ఊరిలో పదవ వంతు ఇంకినదనుకొన్నచో, నేలలో చేరునది 70 మిల్లీమీటర్లే. ఒక ఎకరమునకు లెక్కవేసినచో అది సుమారు 2 లక్షల 80 వేల లీటర్లగును. వినుటకు ఇది పెద్ద మొత్తముగానే తోచును. కాని వరిపైరు ఒక పంటకు సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కోరును. అనగా బోరునీటితో ఒక ఎకరము వరి పండించుటకు తోడు నీరు, పదునైదు ఎకరములకు పైబడిన నేల ఏడాదిపొడవున ఇంకించుకొన్న నీటితో సమానము. పొలములో పెట్టిన నీటిలో కొంత తిరిగి ఇంకుననుట నిజమే. ఆ ఇంకిన నీరు ఎట్టిదో ముందు చెప్పబడును.

నేలలో నీరు ఎట్లు నడచును?

భూమిలో నదులవంటి ప్రవాహములు గలవనియు, అదృష్టవంతుని బావి ఆ ప్రవాహమునకు తగులుననియు మన పల్లెలలో ఒక నమ్మకము గలదు. అఱచేతిలో కొబ్బరికాయ నుంచుకొని పొలమంతయు తిరిగి జల చూపువారు నేటికిని ఉన్నారు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూగర్భజలమునకై ఒక అధ్యాయమునే కేటాయించి, మనుష్య శరీరములో సిరలున్నట్లే భూమిలోను నీటి సిరలు గలవని వర్ణించెను. ఈ పోలిక రాతినేలలకు కొంతవఱకు సరిపోవును గాని, అన్ని నేలలకును సరిపోదు.

ఇసుక నేలలో నీరు నదివలె పాఱదు. ఇసుక రేణువుల నడుమ నున్న సన్నని సందులలో నిండి, మెల్లగా కదలును. ఎండిన ఏటిలో చెలమ త్రవ్వినప్పుడు నలువైపులనుండియు నీరు ఊరి వచ్చుట మనము చూచుచునే యున్నాము. బంకమట్టిలో సందులు చాల ఉన్నను అవి మిక్కిలి సూక్ష్మములగుటచే నీటిని పట్టి యుంచునే గాని సులభముగా విడువవు. అందుచేతనే రేగడి నేలలో తడి చాలకాలము నిలుచును. బావిలో మాత్రము ఊట తక్కువగా నుండును.

నల్లరాతి ప్రాంతములలో స్థితి వేఱు. అచ్చట పైన కొన్ని మీటర్ల మందమున రాయి చివికి మొరముగా మాఱి యుండును. ఇది స్పంజివలె నీటిని నిలువ చేయును. దాని క్రింద గట్టిబండ యుండును. ఆ బండలో నెఱ్ఱెలు, పగుళ్ళు ఉన్నచో నీరుండును, లేనిచో ఉండదు. ఒక రైతు బోరులో నీరు పొంగుచుండగా పది గజముల దూరమున వేసిన మఱియొక బోరు దుమ్ము లేపుటకు కారణమిదియే. లోతునకు పోయినకొలది ఈ పగుళ్ళు తగ్గుచుండును. కావున ఎంత లోతుకు త్రవ్విన అంత నీరు దొరకుననుట ఈ నేలలయందు సత్యము కాదు.

నేలలోని నీటి నడకకు ఒక నియమము గలదని మొదట ప్రయోగముచే నిరూపించినవాడు ఫ్రాన్సు దేశపు ఇంజనీరు హెన్రీ డార్సీ. డిజోన్ నగరమునకు మంచినీటి వసతి కల్పించిన ఈతడు, ఇసుకతో నింపిన గొట్టములగుండ నీటిని పంపి పరిశీలించి, 1856లో తన ఫలితములను ప్రకటించెను. రెండు చోట్ల నీటిమట్టములందలి భేదము హెచ్చినకొలది ప్రవాహము హెచ్చును; నడువవలసిన దూరము హెచ్చినకొలది తగ్గును; ఇసుక ముతకదైనచో వేగము పెరుగును, సన్ననిదైనచో తగ్గును. ఇదియే ఆ నియమపు సారాంశము.

దీనినిబట్టి రెండు సంగతులు తెలియవలెను. మొదటిది, భూగర్భజలము మెరకనుండి పల్లమునకు, సామాన్యముగా వాగువైపునకు కదలుచుండును. వానలు వెలిసిన పిదప కూడ కొన్ని నెలలు వాగులో నీరు పాఱుచుండుట ఈ ఊట వలననే. రెండవది, బావినుండి నీరు తోడినప్పుడు ఆ బావిచుట్టు నీటిమట్టము గరాటువలె దిగును. అంతట చుట్టునున్న నీరంతయు బావివైపునకు తిరుగును. మోటారు ఎంత బలమైనదైన అంత దూరమునుండి నీరు లాగబడును. ఇట్లు లాగబడు నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో బావి యజమానికి తెలియదు. పొరుగింటి మఱుగుదొడ్డి గుంత అడుగునుండి కూడ రావచ్చును.

నడక వేగమో, నేలను బట్టి మిక్కిలి మాఱుచుండును. ఇసుకలో నీరు రోజునకు ఒక మీటరు నడచుట గలదు. సన్నని నేలలలో ఏడాదికి ఒక మీటరు మాత్రమే నడచుటయు గలదు. రాతి పగుళ్ళలోనన్ననో ఒక్క రోజులోనే పదుల మీటర్లు పోగలదు.

తొందరపడి వచ్చిన నీరు

1854లో లండను నగరమున సోహో అను పేటలో కలరా చెలరేగి కొద్ది దినములలో వందలకొలది జనమును బలిగొన్నది. చెడుగాలి వలన కలరా వచ్చునని ఆనాటి వైద్యుల నమ్మకము. జాన్ స్నో అను వైద్యుడు మరణించినవారి ఇండ్లను ఒక్కొక్కటిగా విచారించి, వారిలో అత్యధికులు బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపు నీరు త్రాగినవారని కనుగొనెను. సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని తొలగించిరి. తరువాతి విచారణలో, ఆ బావికి ఒక గజము దూరముననే పగుళ్ళువారిన ఒక మురుగుగుంత బయటపడినది. కలరా సోకిన ఒక శిశువు గుడ్డలు ఉతికిన నీటిని ఆ గుంతలోనే పోసిరట. ఆ పంపు నీరు తేటగా, రుచిగా నుండుననియే జనులు దానిని కోరి తెచ్చుకొనుచుండిరి. గుంతనుండి బావికి మురుగు నడచిన దారి ఒక్క గజము. ఆ కొద్దిదూరములో దానిని వడకట్టగల నేల లేకపోయినది.

నేల వడకట్టుటకు అవకాశమున్నచో ఏమి జరుగునో 1892లో జర్మనీ దేశమున తేలినది. హాంబర్గు, ఆల్టోనా అను రెండు నగరములు ఒకదాని నొకటి ఆనుకొని ఎల్బె నది ఒడ్డున నుండెను. రెండును ఆ నది నీటినే వాడుచుండెను. హాంబర్గు నీటిని వడకట్టక పంచెను. ఆల్టోనా, హాంబర్గు మురుగు కలిసిన దిగువ నీటిని తీసుకొన్నను, దానిని ఇసుక పొరలగుండ మెల్లగా వడకట్టి పంచెను. ఆ ఏడు హాంబర్గులో కలరా చేత ఎనిమిది వేలమందికి పైగా మరణించిరి; ఆల్టోనాలో వ్యాధి అంతగా వ్యాపింపలేదు. వీధికి ఒక ప్రక్క ఇండ్లలో చావులు, రెండవ ప్రక్క ఇండ్లలో క్షేమము! ఇసుకలో మెల్లగా దిగునప్పుడు సూక్ష్మజీవులు రేణువులకు అంటుకొనును. ఇసుకలోని ఇతర జీవులకు ఆహారమగును. ఆహారము లేక కాలము తీఱి చచ్చును.

కావున మలినమునకును, బావికిని నడుమ నుండవలసినది దూరము మాత్రమే కాదు, కాలము కూడ. జర్మనీలో ప్రజలకు నీరిచ్చు బావులచుట్టు, నీరు బావిని చేరుటకు 50 దినములు పట్టు నేలనంతయు రక్షిత ప్రదేశముగా ఎంచుదురు. ఆ 50 దినములలో వ్యాధిని కలిగించు సూక్ష్మజీవులలో అత్యధిక భాగము నశించునని వారి లెక్క.

మన ఊళ్ళలో ఈ కాలము దొరకకుండ పోవు మార్గములు పెక్కు గలవు. ఒర లేని దిగుడుబావిలోనికి తొలకరి వాన వీధి కసవును, పశువుల పేడను నేరుగా కొనిపోవును. బావిగట్టు పగిలినచో గట్టుమీద స్నానము చేసిన నీరు, అంట్లు తోమిన నీరు ఆ పగుళ్ళగుండ దిగి తిరిగి చేదలోనికే వచ్చును. చేతిపంపు అడుగున సిమెంటు అరుగు బీటలువారినచో గొట్టము వెంబడి మురుగు దిగును. మొరము పలుచగా నుండి వెంటనే బండ తగులు చోట, మఱుగుదొడ్డి గుంతనుండి రాతి నెఱ్ఱెల వెంట మురుగునీరు వడకట్టబడకయే బోరును చేరగలదు. కలరా, టైఫాయిడు, జిగట విరేచనములు, కామెర్లు వానకాలములో హెచ్చుటకు ఇట్టి దగ్గఱిదారులు ముఖ్య కారణములు. ఇంతే కాక, మఱుగుదొడ్లనుండియు, పేడకుప్పలనుండియు, పొలములలో మితిమీఱి వేసిన ఎరువులనుండియు పుట్టు నైట్రేటు అను లవణమును ఇసుక వడకట్టలేదు. లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటున్న నీటితో పోతపాలు కలిపినచో పసిబిడ్డ రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోయి, బిడ్డ నీలివర్ణమునకు తిరుగు ప్రమాదము గలదు.

ఆలసించి వచ్చిన నీరు

మెల్లగా వచ్చిన నీరు మంచిదైనచో, వందల అడుగుల లోతున ఏండ్లతరబడి నిలిచిన నీరు మఱింత మంచిదై యుండవలె ననిపించును. సూక్ష్మజీవుల విషయమున ఇది చాలవఱకు నిజమే. కాని ఇచ్చట రెండవ ప్రమాదము ఎదురగును.

1937లో ఆనాటి మదరాసు రాష్ట్రమునందలి నెల్లూరు జిల్లాలో కొన్ని గ్రామముల ప్రజలకు పండ్లు మచ్చలుపడి, వెన్నెముక బిగిసి, కీళ్ళు వంగక బాధపడుటను వైద్య పరిశోధకులు పరిశీలించి, దానికి కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడని ప్రకటించిరి. మన దేశములో ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించుట అదియే మొదలు. తరువాత నల్లగొండ జిల్లా ఈ వ్యాధికి పేరుపడినది. 1973లో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు, ఇట్టి ప్రాంతములందలి పిల్లలకును, యువకులకును మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానితో నొకటి తగులుచుండుటను వివరించి ప్రకటించిరి.

ఆ ప్రాంతపు నల్లరాతిలో ఫ్లోరైడు గల ఖనిజములున్నవి. వాన నీటిలో ఫ్లోరైడు లేదన్నను చెల్లును. ఆ నీరు రాతినెఱ్ఱెలలో నిలిచినకొలది ఖనిజములను కొంచెము కొంచెముగా కరగించుకొనును. నీటిలో సున్నపు అంశమైన కాల్షియము తగినంత యున్నచో ఫ్లోరైడు అంతగా కరగదు. కాల్షియము తగ్గి, సోడా అంశము హెచ్చినచో ఎక్కువగా కరగును. వాన తక్కువై, ఎండ ఎక్కువైన సీమలలో క్రొత్త నీరు వచ్చి పాతనీటిని పలుచన చేయుట అరుదు. పొలములో పెట్టిన బోరునీటిలో చాలభాగము ఆవిరియై పోగా, లవణములన్నియు మిగిలిన కొద్ది నీటిలో చిక్కబడి తిరిగి ఇంకును. పైన చెప్పిన “తిరిగి ఇంకు నీరు” ఇట్టిది. మట్టము దిగినకొలది బోర్లు మఱింత లోతునకు పోయి, ఇంకను పాతదైన నీటిని పైకి తెచ్చును. ఈ విధముగా నీటి కఱవు క్రమముగా ఆరోగ్యపు కఱవుగా మాఱును.

భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించకుండుట మంచిది. వేఱు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వఱకు అనుమతింపవచ్చును. దానికి మించినచో ఎదుగు పిల్లల పండ్లపై సుద్దవంటి తెల్లని మచ్చలు, పసుపు, గోధుమరంగు చారలు ఏర్పడును. ఇంకను హెచ్చైన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి మెడ, నడుము, కీళ్ళు బిగిసికొనును. కడపటి దశలో మనిషి నిటారుగా నిలువలేడు. ఒకసారి బిగిసిన ఎముకను తిరిగి పూర్వపు స్థితికి తెచ్చు మందు లేదు. నివారణ మొక్కటే మార్గము. నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు. ఆవిరి పోయినకొలది అది మఱింత చిక్కబడును. బ్లీచింగు పౌడరు వేసినను పోదు.

ఒక ప్రమాదమును తప్పించుకొనబోయి మఱియొక దానిలో పడుట ఎట్లుండునో వంగసీమ చరిత్ర తెలుపుచున్నది. అచ్చట జనులు పూర్వము చెఱువుల నీరు త్రాగి అతిసారమునకు, కలరాకు బలియగుచుండిరి. 1970 తరువాత బంగ్లాదేశమున లక్షలకొలది గొట్టపుబావులు వేయబడెను. సూక్ష్మజీవుల బెడద తగ్గినది. కాని నదులు తెచ్చి పోసిన ఒండ్రు పొరలలో, ప్రాణవాయువు సోకని చోట, మట్టిలోని పాషాణము నీటిలో కరగి యుండుటను ఎవరును అనుమానింపలేదు. 1983 నాటికి పశ్చిమ వంగమునను, 1993లో బంగ్లాదేశమునను ఈ పాషాణము బయటపడినది. చర్మముపై మచ్చలు, అఱచేతులలో గట్టిపడిన బొబ్బలు, కాలక్రమమున పుండ్లు (క్యాన్సరు) దీని ఫలితములు. పిదప పరీక్షించిన పంపులలో పాషాణము మించిన వానికి ఎఱ్ఱరంగును, మంచి వానికి ఆకుపచ్చరంగును పూసిరి. ఒకే ఊరిలో ఎఱ్ఱపంపు ప్రక్కనే పచ్చపంపు ఉండుటయు గలదు. అందుచేత పొరుగు బావి మంచిదని మన బావియు మంచిదనుకొనరాదు.

చెఱువు చేయు మేలు

తొందరపడు నీటిని నెమ్మదింపజేసి, నిలిచిపోయిన నీటికి క్రొత్తదనము కల్పించు ఏర్పాటు ఏదైన గలదా? మన పూర్వులు దానిని చెఱువు రూపమున నిర్మించిరి. కాకతీయుల కాలమున, పదుమూడవ శతాబ్దములో, పాకాల, రామప్ప, లక్నవరము చెఱువులు వెలసినవి. ఎగువ చెఱువు అలుగుపాఱిన నీరు దిగువ చెఱువునకు చేరునట్లు గొలుసుకట్టుగా వందలకొలది చెఱువులు త్రవ్వబడెను. కడప సీమలోని పోరుమామిళ్ళ చెఱువు శాసనము 1369 నాటిది. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, రాకూడని ఆఱు దోషములను అది పేర్కొన్నది. జలశాస్త్రము తెలిసినవాడు ఒకడు ఉండవలెననుట ఆ అంగములలో నొకటి. ఆ చెఱువు కట్టుటకు రెండేండ్లపాటు ప్రతిదినము వేయిమంది పనిచేసిరని ఆ శాసనమే చెప్పుచున్నది.

చెఱువు పంటకు నీరిచ్చుటయే కాక, వాగులో కొన్ని గంటలలో పాఱిపోవు నీటిని నెలలతరబడి నిలిపి నేలలో ఇంకించును. కట్ట క్రిందనున్న బావులు వేసవిలోను ఎండకుండుట రైతులందఱును ఎఱిగినదే. ఇంకిన వాననీరు లవణములు చిక్కబడిన నీటితో కలిసి, అనేక చోట్ల దానిని పలుచన చేయును. అయితే ఎంత పలుచనైనదో పరీక్షయే చెప్పవలెను గాని ఊహింపరాదు. పూడిక తీయుట, వరదకాలువలను మూసిన ఆక్రమణలను తొలగించుట, మురుగు చెఱువులోనికి రాకుండ చూచుట - ఇవి సేద్యపు పనులు మాత్రమే కావు, ఆరోగ్యపు పనులు కూడ. చెఱువులో మురుగు కలిసినచో అది నేలలోనికిని దిగును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. నీటిని ఇంకించు ఉత్సాహములో కొందఱు మేడమీది నీటిని, వీధి నీటిని కూడ నేరుగా బోరుగొట్టములోనికి వదలుచున్నారు. ఇది నేల చేయు వడకట్టు పనిని తప్పించి మలినమునకు రాజమార్గము వేయుటయే. ఇంకుడుగుంత ఇసుక, కంకర పొరలతో నుండవలెను. త్రాగునీటి బావికి దూరముగా నుండవలెను. మురుగునీరు దానిలోనికి రారాదు.

ఊరివారును, ఇంటివారును చేయదగినవి

త్రాగునీటి బావి మఱుగుదొడ్డి గుంతకును, పేడకుప్పకును, మురుగు కాలువకును కనీసము 15 మీటర్ల దూరమున, వీలైనంతవఱకు మెరకన ఉండవలెను. బండ పైకే ఉన్న చోట ఈ దూరము చాలదు. ఇంకను హెచ్చుగా నుంచవలెను. బావి లోపలి గోడను నేలమట్టమునుండి 6 మీటర్ల లోతువఱకు నీరు చొరకుండ కట్టవలెను. అప్పుడు పైనీరు కనీసము ఆ లోతు దిగినగాని బావిలోనికి రాలేదు. నేలపైన ఒర 70 సెంటీమీటర్లకు తగ్గరాదు. చుట్టును ఒక మీటరు వెడల్పున వాలుగల సిమెంటు గట్టును, దానినుండి నీటిని దూరముగా కొనిపోవు కాలువను ఉంచవలెను. బావికి మూత, పంపు ఉన్నచో మఱింత మేలు.

చేదబావి నీటిని శుద్ధిచేయుటకు 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు చాలును. బావి అడ్డుకొలతను అడ్డుకొలతతో హెచ్చవేసి, దానిని నీటి లోతుతో హెచ్చవేసి, వచ్చిన దానిని 785తో హెచ్చవేసినచో లీటర్లు వచ్చును. కొలతలన్నియు మీటర్లలో ఉండవలెను. 3 మీటర్ల అడ్డుకొలత, 4 మీటర్ల నీరు గల బావిలో సుమారు 28,000 లీటర్లుండును. దానికి 70 గ్రాముల పౌడరు కావలెను. పౌడరును బకెట్టులో కొద్ది నీటితో కలిపి, సున్నము అడుగున పేరుకొన్న పిదప, పైతేటను మఱియొక బకెట్టులో పోసి బావిలో దింపి బాగుగా కలియబెట్టవలెను. ఒక గంటయైన తాళి నీరు తోడుకొనవలెను. రాత్రివేళ వేయుట అనుకూలము.

సూక్ష్మజీవుల అనుమానమున్న నీటిని తెరలు తెరలుగా ఒక నిమిషము మరగనిచ్చి, ఆ కుండలోనే మూతపెట్టి చల్లార్చవలెను. ఫ్లోరైడు, పాషాణము ఉన్నట్లు తేలిన బావి నీటిని త్రాగుటకును వంటకును పూర్తిగా మానవలెను. బట్టలుతుకుటకు, స్నానమునకు వాడుకొనవచ్చును. తెలంగాణమున 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము కృష్ణా, గోదావరుల నీటిని శుద్ధిచేసి నల్లగొండవంటి జిల్లాల గ్రామములకు గొట్టములద్వారా చేర్చుచున్నది. అయినను ఇంటిలో కుళాయి నీరు త్రాగువారు పొలమునకు పోయినప్పుడు ప్రక్కనున్న బోరునీటితో దప్పి తీర్చుకొనుట కద్దు. పొలమునకు పోవునప్పుడు కుళాయి నీటిని సీసాలో నింపుకొని పోవలెను. పిల్లల విషయమున ఇది మఱింత ముఖ్యము. పాలు, ఉసిరిక, ఆకుకూరలు గల భోజనము ఫ్లోరైడు కీడును కొంత తగ్గించును గాని, మంచినీటికి బదులు కాజాలదు.

చివరగా, పరీక్ష. నీటిలోని లవణములను ఏడాదికి ఒకసారియు, సూక్ష్మజీవులను వానలకు ముందొకసారి, వానల పిదప ఒకసారియు పరీక్షింపజేయవలెను. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల్ జీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామమున ఐదుగురు మహిళలకు నీటిపరీక్ష పెట్టెను వాడుటలో శిక్షణ నిచ్చు ఏర్పాటు గలదు. మీ ఊరిలో ఆ ఐదుగురు ఎవరో తెలిసికొనుడు. మీ బావి ఫలితము ఏమని అడుగుడు. ఆ ఫలితమును, పరీక్షించిన తేదీని పంచాయతీ కార్యాలయపు గోడమీదను, బావి ఒరమీదను అందఱికిని కనబడునట్లు వ్రాయించుడు. క్రొత్తగా బోరు వేసినప్పుడును, పాతబోరును మఱింత లోతు చేసినప్పుడును ఆ నీరు వేఱు దారిని వచ్చిన క్రొత్త నీరే యని ఎంచి, మొదటి బిందె వంటింటికి చేరకమునుపే దానిని పరీక్షకు పంపుడు.